ఎక్సర్జీ: శక్తిలో పనికొచ్చే పాలు

‘ఎక్సర్జీ’ అనే మాటను 1956లో స్లొవేనియాకు చెందిన ఇంజనీరు జోరాన్ రాంట్ రూపొందించాడు. ‘బయటికి’ అని అర్థమిచ్చే గ్రీకు ఉపసర్గ, ‘పని’ అని అర్థమిచ్చే ‘ఎర్గాన్’తో కలిసి ఏర్పడిన ఈ పదం, ఒక వ్యవస్థ తన పరిసరాలతో సమస్థితికి చేరేలోపు దాని నుంచి రాబట్టగల గరిష్ఠ పనిని సూచిస్తుంది. భావం అంతకన్నా పాతది. అమెరికా శాస్త్రవేత్త గిబ్స్ 1873లోనే దానిని లభ్యశక్తిగా వివరించాడు. శక్తి నశించదు గానీ, ఘర్షణ వల్ల, వేడి చల్లని చోటికి ప్రవహించడం వల్ల ఎక్సర్జీ నశిస్తుంది. ఈ భేదాన్ని పట్టించుకోని సామర్థ్య గణన అసంపూర్ణమే.

మార్కాపురం, గిద్దలూరు మెట్టభూముల్లో బోరు మోటారుకు అందే విద్యుత్తు పూర్తిగా ఎక్సర్జీయే, పాతాళంలోని నీటిని పైకెత్తే యాంత్రికమైన పనికి అది తగినదే. అదే విద్యుత్తుతో 30 డిగ్రీల నీటిని 60 డిగ్రీలకు కాచినప్పుడు, అదంతా వేడిగా మారి సామర్థ్యం నూటికి నూరుగా కనిపించినా, పరిసరాలు 30 డిగ్రీల వద్ద ఉంటే ఆ నీటిలో మిగిలే ఎక్సర్జీ నూటికి 5 పాళ్లయినా ఉండదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరదనీటిని సొరంగాల ద్వారా ఈ ప్రాంతానికి తేవడానికి తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు, నీటి ఎత్తులోనే ఉన్న ఎక్సర్జీని గురుత్వాకర్షణ ద్వారా వాడుకొనే పథకం. ఎండ పుష్కలమైన ఈ మెట్టసీమలో స్నానపు నీటిని సూర్యరశ్మికి వదిలి, విద్యుత్తును మోటారుకు దాచడమే సరైన వినియోగం.