లేపాక్షి స్త్రీమూర్తులు: ఉలి పని, కుంచె పని

హిందూపురానికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కూర్మశైలమనే గుట్టమీద లేపాక్షి వీరభద్రాలయం ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో (1529–42) పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, సోదరుడు వీరణ్ణతో కలిసి దీన్ని కట్టించాడని ప్రతీతి. కట్టించినవారి పేర్లు ఇక్కడ అందరికీ కంఠస్థమే. చెక్కిన శిల్పులెవరో, బొమ్మలు గీసినవారెవరో చెప్పేవారు లేరు. ఒకే కప్పు కింద ఈ రెండు వర్గాలవారూ స్త్రీరూపాన్ని చెరో దారిలో పట్టుకున్నారు.

శిల్పి నమ్ముకున్నది నాట్యాన్ని. నాట్యమండపం నడిమి స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు; మూడు కాళ్ల భృంగీ అక్కడే ఉంటాడు. హొయసల శిల్పులకు దొరికిన బలపపురాయి కాదిది, గట్టి గ్రానైటు. సన్నటి నగిషీకి ఒక పట్టాన లొంగదు. అందుకే ఇక్కడి స్త్రీమూర్తుల అందం నగల్లోకన్నా నడుము వంపులో, మోకాలి మడతలో, ఒళ్లు తూగే తీరులో ఎక్కువ.

చిత్రకారుడి దారి వేరు. కప్పుకు సున్నపు గచ్చు పూసి, నల్లటి గీతతో రూపురేఖలు దిద్ది, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగులతో నింపాడు. నీలం దాదాపు కనిపించదు. పార్వతిని చెలికత్తెలు పెళ్లికి సింగారించే గౌరీప్రసాధన ఘట్టం చూడండి: ముఖాలు ఎక్కువగా పక్కవాటుగా ఉంటాయి, కోటేరు ముక్కు, పెద్ద కన్ను, పెద్ద కొప్పు. అజంతా ముఖాల్లోని భావం వీటిలో వెతికితే నిరాశే, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తేడా అంతా చీరల్లోనే. చారలు, గళ్లు, పూలు, అంచు, కొంగు దేనికదే. ఒంటిని చీరతోనే చెప్పిన చిత్రకారుడితడు.

లేపాక్షి అలంకరణ గుడికే పరిమితం కాలేదు. లతామండపం స్తంభాల మీది లతలూ పువ్వులూ ధర్మవరం పట్టుచీరల అంచులకు నమూనాలయ్యాయి. లేపాక్షి డిజైనంటే అక్కడి మగ్గాలవారికి వేరే చెప్పనక్కరలేదు.

గుడికి వచ్చేవారిలో చాలామంది నేలకు పూర్తిగా ఆనని ‘వేలాడే స్తంభం’ కింద గుడ్డ దూర్చి, ఫోటో దిగి వెళ్లిపోతారు. కప్పు వంక తల ఎత్తేవారు కొద్దిమందే. గచ్చు పలుచోట్ల ఊడి రంగు పోయింది. మిగిలినవి చూడదలచినవారు పగటి వెలుగు బాగా ఉన్న వేళ రావాలి. మండపం లోపల చీకటి.