మనిషిని వెతికే విద్య: హుగ్లీ వేలిముద్ర నుండి ఫేస్‌బుక్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం కోరింది. రాజుల కథలు, కోటల కథలు వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, ముప్ఫై ఆరేళ్లు ట్రెజరీ గుమాస్తాగా పనిచేసిన నాకు చేతనైన విషయమే ఎంచుకున్నాను. కాగితం మీద ఒక పేరు ఉంటుంది. ఆ పేరుగల మనిషి ఎక్కడున్నాడు? వచ్చినవాడు ఆ మనిషేనా? మన కొలువంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. ఇప్పుడు మన మనుమలు సెల్‌ఫోనులో చేసే వెతుకులాట కూడా అదే. దాని చరిత్రలో మొదటి అధ్యాయం పెన్షనర్లదే అంటే మీరు నమ్మకపోవచ్చు.

1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డుకు కంకర తోలే రాజ్యధర్ కోనాయ్ అనే కంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. సంతకం నాది కాదని రేపు బుకాయించకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు ఆయనే పెన్షను తీసుకొనేవారి వేలిముద్రలు రిజిస్టరులో తీయించసాగాడు. పెన్షనరు కాలం చేసినా ఆయన పేరున మరొకరు వచ్చి సొమ్ము పట్టుకుపోకుండా ఆపడానికన్నమాట! 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. వేల ముద్రల్లో కావలసినది క్షణాల్లో బయటికి తీసే వర్గీకరణకు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు కష్టపడగా, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. డ్రాఫ్టు ఒకరిది, సంతకం ఒకరిది. మనకు కొత్త కాదు గదా. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలోని ఎడమచేతి వేలిముద్రలు, పుట్టుమచ్చల వివరాలు ఆ వంశానివే. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ కూడా అదే గోత్రం.

ముద్ర వల్ల ఎదుటనున్న మనిషి ఎవరో తేలుతుంది. దూరాన ఉన్నవాడిని పట్టుకోవడానికి జాబితా కావాలి. 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో మొదటి టెలిఫోను డైరెక్టరీ అచ్చయింది. ఒకే అట్టముక్క, 50 పేర్లు, నంబర్లు లేవు. పేరు చెబితే ఎక్స్ఛేంజిలోని వారు కలిపేవారు.

కంప్యూటరులో మనిషిని వెతికే పరికరాలలో పాతది 1971 నాటిది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో లెస్ ఎర్నెస్ట్ అనే ఆయన ‘ఫింగర్’ అనే ప్రోగ్రాము వ్రాశాడు. అక్కడివారు కంప్యూటరు ఇచ్చే జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ తమకు కావలసినవాడు ఉన్నాడా అని చూసేవారట. మన రికార్డు రూములో గ్రేడేషన్ లిస్టు చూసినట్టే! అందుకే ఆ పేరు. పేరు కొడితే మనిషి పూర్తి పేరు, ఎప్పటినుంచి పనిలో ఉన్నాడు, తన గురించి తాను వ్రాసుకున్న నాలుగు ముక్కలు కనిపించేవి. నేటి ప్రొఫైలుకు అది తాత. అయితే 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ప్రోగ్రాము వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. అది దూరిన సందుల్లో ఈ ఫింగర్ ఒకటి. ఆ తరువాత చాలా సంస్థలు దానిని మూసివేశాయి. వెతుక్కోవడానికి పెట్టిన కిటికీలోంచి దొంగ రావడం, కిటికీ మూయడం — ఈ వరుసను గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

1967లో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆచార్యుడు, ఎక్కడో ఉన్న అపరిచితుడికి చేతులు మారుతూ ఉత్తరం చేరాలంటే ఎందరు తెలిసినవారు కావాలో పరీక్షించాడు. చేరిన ఉత్తరాలకు మధ్యవర్తులు సుమారు ఐదారుగురే. ఆ ఊహ పేరుతోనే 1997లో ‘సిక్స్ డిగ్రీస్’ వచ్చి కొన్నేళ్లకే మూతబడింది. పాత సహాధ్యాయులను వెతుక్కొనే ‘క్లాస్‌మేట్స్’ 1995 నాటికే ఉంది. 2004 జనవరిలో గూగుల్ వారి ఆర్కుట్, ఫిబ్రవరిలో హార్వర్డ్ విద్యార్థుల ఫేస్‌బుక్ వచ్చాయి. ఆర్కుట్ మన దేశంలోనూ బ్రెజిల్‌లోనూ విరగబడి నడిచి 2014 సెప్టెంబరులో ఆగిపోయింది.

ఫేస్‌బుక్‌లో ఒకప్పుడు ఫోను నంబరు కొడితే ఆ నంబరు ఎవరిదో వారి పేజీ వచ్చేది. 2013లో ‘గ్రాఫ్ సెర్చ్’ అనే పరికరం పెట్టారు. ఫలానా ఊరిలో ఉంటూ ఫలానా చోట పనిచేసేవారు ఎవరు అని మామూలు మాటల్లో అడగవచ్చు. గుమాస్తా బుర్రకు అది స్వర్గమే. దొంగలకూ స్వర్గమే అయింది. 2018 ఏప్రిల్లో నంబరుతో వెతికే సౌకర్యం తీసివేశారు, 2019లో గ్రాఫ్ సెర్చ్ పోయింది. అయినా జరగవలసినది జరిగింది. 53 కోట్ల మంది ఫోను నంబర్లు, పేర్లు 2021లో బయట పడ్డాయి. అందులో మనదేశం వారు 60 లక్షల దాకా ఉన్నారు.

మరి మామూలు మనిషికి ఇప్పుడు మిగిలిన పద్ధతి ఏమిటంటే, మన పాత పద్ధతే. మా సంఘానిదే ఒక సంగతి చెబుతాను. 2022లో మేము పంపిన సర్క్యులర్లలో కొన్ని ‘అడ్రసీ లెఫ్ట్’ అని తిరిగి వచ్చాయి. వాటిలో ఒకటి మా ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా చేసి 1996లో రిటైరైన ఒకాయనది. ఆయన పోయారని విన్నాం గాని, భార్య కుటుంబ పెన్షనుకు దరఖాస్తు పెట్టిన దాఖలా లేదు. మా మనుమరాలు ఫేస్‌బుక్‌లో పేరు కొట్టింది. సత్యనారాయణలు వందలమంది! “తాతయ్యా, ఇందులో ఎవరు?” అంది. మన పేర్లతో వచ్చే తిప్పలే ఇవి. ఇంటిపేరు కొందరు ముందు పెడతారు, కొందరు వెనుక, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. ఒకే పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా వ్రాస్తారు. పైగా ఆ వయసువారికి సొంత ప్రొఫైలు ఎక్కడిది?

“ఆయనను కాదమ్మా, మనుమడిని వెతుకు” అన్నాను. ఆయన ఇంటిపేరు అరుదైనది. దానికి స్వగ్రామం పేరు చేర్చి వెతికింది, స్పెల్లింగు మార్చి మళ్లీ వెతికింది. సూరత్‌లో ఉంటున్న ఒక కుర్రవాడు తేలాడు. మగ్గాల పనికి, మిల్లు పనికి మనవాళ్లు ఎందరో సూరత్ వెళ్లి స్థిరపడ్డ సంగతి మీకు తెలిసిందే. అతని పేజీలో గృహప్రవేశం ఫొటో ఉంది. వెనుక గోడకు దండ వేసిన పటం. కళ్లజోడు సర్దుకుని చూశాను: మా రికార్డు అసిస్టెంటే!

“మీ తాతగారి ఆఫీసు వాళ్లం, ఒకసారి ఫోను చేయండి” అని మాత్రమే వ్రాయించాను. డబ్బు సంగతి వ్రాస్తే మోసమనుకుంటారు. పదకొండు రోజులు జవాబు లేదు. పరిచయం లేనివారి సందేశాలు వేరే అరలో పడతాయట. చివరికి ఫోను వచ్చింది. ఆయన రిటైరైన సంవత్సరం, పనిచేసిన ఆఫీసు మేము చెప్పకుండా వారి చేతే చెప్పించి, సర్వీసు వివరాలతో పోల్చుకున్నాకే విషయం చెప్పాం. ఆవిడకు డెబ్భై తొమ్మిదేళ్లు. చెవిలో ఫోను పెడితే “ఆయన పేరు మీద ఇంకా కాగితాలు ఉన్నాయా నాయనా” అని అడిగారు. సంబంధిత ఆఫీసులో ఏడు నెలలు తిరిగాక బకాయిలతో సహా మంజూరైంది.

ఇక ఫొటోతోనే వెతికే పద్ధతి. 2008లో కెనడాలో ‘టిన్‌ఐ’, 2011లో గూగుల్ దీనిని తెచ్చాయి. అదే ఫొటో ఇంకెక్కడ ఉందో అవి చూపుతాయి. ముఖాన్ని బట్టి మనిషి పేరు చెప్పే విద్య వేరు. అది చేతిలో ఉన్నా ప్రమాదమని పక్కన పెట్టామని 2011లో గూగుల్ పెద్ద ఎరిక్ ష్మిట్ అన్నారు. అందరూ అలా పక్కన పెట్టలేదు. క్లియర్‌వ్యూ అనే అమెరికా కంపెనీ జనం పెట్టుకున్న 300 కోట్ల ఫొటోలను అడగకుండా పోగుచేసిందని 2020 జనవరిలో పత్రికల్లో వచ్చింది. అదే విద్యతో తెలంగాణ పోలీసులు 2018లో ‘దర్పణ్’ తయారుచేసి, తప్పిపోయిన పిల్లల ఫొటోలను దేశంలోని శిశు సంరక్షణ గృహాలలోని పిల్లలతో పోల్చారు. 2015లో అలహాబాదు జిల్లాలో తప్పిపోయిన ఒక బాలుడు దానివల్ల అస్సాంలోని గోల్‌పారాలో దొరికి, 2020లో తల్లిదండ్రులను చేరాడు. అదే కత్తి, రెండు పనులు.

మనకు సంబంధించిన పని రెండోది కూడా ఉంది. పెన్షనరుకు ఫోను చేసి, రిటైరైన తేదీ, పి.పి.ఓ. నంబరు గడగడా చదివి, “లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఓ.టి.పి. చెప్పండి” అనే మోసగాళ్లు తయారయ్యారు. వివరాలన్నీ చెప్పాడు గనుక ఆఫీసు వాడేననుకుంటాం. పదవీ విరమణ సన్మానం ఫొటో, ఆఫీసు పేరు, తేదీ మన పిల్లలే ఫేస్‌బుక్‌లో పెట్టి ఉంటారు, వాడికి సగం పని అక్కడే అయిపోతుంది. ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు కూడా రిటైరైన మనిషే. అప్పటికి ఎనభై ఆరేళ్లు. ఆంధ్రప్రదేశ్ బి.సి. కమిషన్ చైర్మనుగా మన ప్రాంతంలోనూ పనిచేశారు. ఆయన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. 2024లో తొంభై ఎనిమిదో ఏట ఆయన కాలం చేశారు.

మా జిల్లా శాఖ కొత్త సభ్యుల డైరెక్టరీ వేస్తోంది. అచ్చు ప్రతిలో ఊరు, ఫోను నంబరు ఉంటాయి, ప్రతి సభ్యునికీ ఒక్కొక్కటి పోస్టులో వస్తుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టే ప్రతిలో పేరు, రిటైరైన ఆఫీసు తప్ప మరేమీ ఉండకూడదని కార్యవర్గంలో గట్టిగా వాదించి ఒప్పించాను. పి.పి.ఓ. నంబరు రెండింటిలోనూ వేయడం లేదు. చిరునామా మారినవారు, సభ్యులు కాలం చేసిన కుటుంబాలవారు కార్యదర్శికి ఒక కార్డు ముక్క వ్రాయగోరుతున్నాను. తిరిగి వచ్చిన కవర్లు ఇంకా నాలుగు నా బీరువాలో ఉన్నాయి.