స్టీమిట్ రచనల ద్వారా సేవానిధుల సేకరణ

క్రిప్టోకరెన్సీని పారితోషికంగా ఇచ్చే సామాజిక మాధ్యమంలో వ్యాసాలు వ్రాసి, ఆ రాబడిని దానధర్మాలకు వినియోగించడం సేవానిధుల సేకరణలో ఒక కొత్త పద్ధతి. 2016లో మొదలైన స్టీమిట్ ఇటువంటి మాధ్యమాలలో తొలితరానికి చెందినది. చేతిలో సొమ్ము లేకున్నా వ్రాయగలిగిన వ్యక్తి దాత కావచ్చుననునది దీని ఆకర్షణ. అయితే వ్యాసం క్రింద కనిపించే డాలర్ల అంకెకూ, చివరకు పేద విద్యార్థి పుస్తకాలకో, రోగి మందులకో చేరే రూపాయలకూ మధ్య చాలా తేడా ఉన్నది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి పట్టణాల నుండి ఈ పద్ధతిని చేపట్టదలచినవారు ముందుగా ఆ తేడాను అర్థం చేసుకొనవలసి ఉంటుంది.

చరిత్ర

స్టీమిట్‌ను నెడ్ స్కాట్, డాన్ లారిమర్ అనువారు అమెరికాలో స్థాపించారు. దీనికి ఆధారమైన స్టీమ్ బ్లాక్‌చెయిన్ 2016 మార్చిలో ప్రారంభమైనది. రచయితలకు తొలి చెల్లింపులు అదే సంవత్సరం జూలై 4న జరిగాయి. 2018 నవంబరులో సంస్థ తన సిబ్బందిలో సుమారు 70 శాతం మందిని తొలగించినది. 2020 ఫిబ్రవరిలో జస్టిన్ సన్‌కు చెందిన ట్రాన్ సంస్థ స్టీమిట్‌ను కొనుగోలు చేసినది. ఈ మార్పును అంగీకరించని సభ్యులు 2020 మార్చి 20న హైవ్ అనే వేరొక బ్లాక్‌చెయిన్‌ను ఏర్పరచుకొన్నారు. రచనలకు పారితోషికమిచ్చే విధానం అందులోనూ కొనసాగినది.

పారితోషికం ఎక్కడి నుండి వస్తుంది

పాఠకుడు ఒక వ్యాసానికి ఓటు వేసినప్పుడు అతని ఖాతా నుండి పైకము తగ్గదు. స్టీమ్ వ్యవస్థ నిరంతరం కొత్త నాణేలను సృష్టిస్తూ, వాటిలో అధిక భాగాన్ని పారితోషికాల నిధిలో చేర్చుతుంది. ఆ నిధిని ఎవరికి ఎంత పంచవలెనో ఓట్లు నిర్ణయిస్తాయి. 2016 డిసెంబరులో కొత్త నాణేల సృష్టిని ఏడాదికి 9.5 శాతంగా నిర్ణయించి, అది క్రమంగా తగ్గేటట్లు ఏర్పాటు చేశారు. కనుక ఈ పారితోషికపు భారాన్ని మోసేది నాణేలు దాచుకొన్నవారందరూ. కొత్త నాణేలు పెరిగేకొద్దీ వారి వాటా పలుచబడుతుంది.

ఓట్లన్నీ సమానం కావు. వ్యవస్థలో నిలువ ఉంచిన నాణేలను స్టీమ్ పవర్ అంటారు. అది ఎక్కువగా ఉన్నవారి ఓటుకు విలువ ఎక్కువ. వ్యాసం ప్రచురించిన 7 రోజుల వరకు వచ్చిన ఓట్లకే పారితోషికం లెక్కిస్తారు. మొత్తం 0.02 డాలర్ల లోపు ఉంటే ఏమీ చెల్లించరు. 2019 ఆగస్టు వరకు రచయితకు 75 శాతం, ఓటు వేసినవారికి 25 శాతం వాటా ఉండేది. ఆ తరువాత ఇద్దరికీ చెరి సగం చేశారు.

సేవానిధిగా మారే క్రమం

రచయిత తన వాటాను తానే తీసుకొని తరువాత దానం చేయవచ్చును. లేదా వ్యాసం ప్రచురించేటప్పుడే సేవాసంస్థ ఖాతాను లబ్ధిదారుగా పేర్కొని, నిర్ణీత శాతం నేరుగా ఆ ఖాతాకు చేరేటట్లు చేయవచ్చును.

ఉదాహరణకు ఒక వ్యాసం క్రింద 10 డాలర్లు కనిపించినదనుకొందాం. ఓటు వేసినవారి వాటా పోగా రచయితకు మిగిలేది 5 డాలర్లు. సాధారణ పద్ధతిలో ఇందులో సగం మాత్రమే వెంటనే అమ్ముకోదగిన నాణేలుగా వస్తుంది. మిగిలిన సగం స్టీమ్ పవర్‌గా జమ అవుతుంది. దానిని వారానికొక విడతగానే వెనుకకు తీసుకొనవలెను. తొలుత 104 వారాలుగా ఉన్న ఈ గడువును 2016 డిసెంబరులో 13 వారాలకు తగ్గించారు. ఆ విధంగా 10 డాలర్లలో వెంటనే అందేది సుమారు రెండున్నర డాలర్ల విలువగల నాణేలే. ఎక్స్ఛేంజీలో అమ్మినప్పుడు రుసుము, పన్ను కూడా పోవలసి ఉంటుంది.

విలువలో ఒడిదుడుకులు

స్టీమ్ నాణెం ధర 2018 జనవరి ఆరంభంలో సుమారు 8 డాలర్లకు చేరి, ఆ సంవత్సరాంతానికి అర డాలరు కంటె దిగువకు పడిపోయినది. జనవరి ధరను చూచి ఒక బాలుని బడి రుసుముకు మాట ఇచ్చినవారు డిసెంబరులో అదే నాణేలతో ఆ మాట నిలుపుకొనలేరు.

పెద్ద దానాలకూ ఈ చిక్కు తప్పలేదు. కోవిడ్ రెండవ విడత ఉధృతిలో, 2021 ఏప్రిల్‌లో, సందీప్ నైల్వాల్ భారతదేశం కొరకు ఒక క్రిప్టో సహాయనిధిని ఆరంభించారు. మే నెలలో ఎథీరియం సహస్థాపకుడు విటాలిక్ బుటెరిన్ దానికి ఇచ్చిన షిబా ఇను నాణేల విలువ ఆనాటి ధరలో 100 కోట్ల డాలర్లకు పైగా ఉన్నది. ఈ వార్త వెలువడగానే ఆ నాణెం ధర బాగా పడిపోయినది. అంత పెద్ద మొత్తాన్ని ఒక్కసారిగా, పూర్తి ధరకు అమ్మడం సాధ్యం కాదు.

భారతదేశంలో చట్టాలు

* క్రిప్టోకరెన్సీ లావాదేవీలకు బ్యాంకులు సేవలందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఆదేశించినది. సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఆ ఆదేశాన్ని కొట్టివేసినది.
* 2022 ఏప్రిల్ 1 నుండి ఇటువంటి ఆస్తుల బదిలీపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను విధించారు. ఒక నాణెంపై నష్టాన్ని మరొక ఆదాయంలో తగ్గించుకొనే వీలు లేదు. 2022 జూలై 1 నుండి నిర్ణీత పరిమితి దాటిన లావాదేవీలలో 1 శాతం మూలంలోనే మినహాయిస్తారు.
* దానం చేసినంత మాత్రాన అమ్మకంపై పన్ను మాఫీ కాదు. గుర్తింపు పొందిన సంస్థలకిచ్చే విరాళంపై పన్ను రాయితీ సొమ్ము రూపంలో ఇచ్చినదానికే వర్తిస్తుంది. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి ఈ రాయితీ లేదు.
* సేవాసంస్థలు విదేశీ దాతల నుండి విరాళాలు స్వీకరించవలెనంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం క్రింద అనుమతి పొందవలెను. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము తొలుత న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావలెను.

శ్రీ సత్యసాయి జిల్లా నేపథ్యం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పూర్వపు అనంతపురం జిల్లాలోనివి. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అల్ప వర్షపాతం వలన తరచు కరవుకు గురయ్యే ఈ ప్రాంతానికి దూరప్రాంతాల దాతల సహాయం కొత్త కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ స్పెయిన్ దేశపు సామాన్య కుటుంబాల చిన్న చిన్న విరాళాలతో విస్తరించినది. ధర్మవరం సమీపంలోని బత్తలపల్లి ఆసుపత్రి ఈ సంస్థదే. ఇటువంటి సంస్థలకు నెలనెలా కట్టే దాతలు, లెక్కలు చూచే సిబ్బంది ఉంటారు. ఒంటరి రచయితకు ఆ అండ ఉండదు.

వ్రాయడానికి మాత్రం ఇక్కడ విషయాలకు కొదవ లేదు. హిందూపురం సమీపంలోని లేపాక్షి ఆలయం, 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ, ధర్మవరం పట్టుచీరల నేత అన్యప్రాంత పాఠకులను ఆకర్షించగలవు.

గుణదోషాలు

స్టీమ్‌లో నాణేలు ఏ ఖాతా నుండి ఏ ఖాతాకు పోయినదీ ఎవరైనను చూడవచ్చును. ఇది పారదర్శకతకు తోడ్పడుతుంది. కాని ఎక్స్ఛేంజీలో రూపాయలుగా మారిన తరువాత ఆ జాడ ఆగిపోతుంది. అక్కడి నుండి బ్యాంకు ఖాతా పుస్తకం, దుకాణపు రసీదు, ఆసుపత్రి బిల్లు మాత్రమే సాక్ష్యాలు.

గడువు 7 రోజులే కనుక నిధి కొనసాగవలెనంటే ఎప్పటికప్పుడు కొత్త వ్యాసాలు వ్రాయవలసి ఉంటుంది. ఓట్ల కొరకు పేదల దుస్థితిని అతిగా చిత్రించే ప్రమాదమున్నది. బ్లాక్‌చెయిన్‌లో చేరిన వ్రాతను తరువాత సవరించినా పాత ప్రతి తొలగిపోదు. అందుచేత సహాయం పొందే పిల్లల పేర్లు, రోగుల వివరాలు వ్రాయకుండుట మేలు. సహాయానికి ముందుగా మొత్తం ప్రకటించక, నాణేలు రూపాయలుగా మారి చేతికి వచ్చిన తరువాతనే మాట ఇచ్చుట సురక్షితమైన పద్ధతి.