పన్ను జివ్వుమనుటకు కారణమేమి?

మండువేసవిలో మంచుముక్క వేసిన షర్బతు గుక్కెడు త్రాగగానే పన్ను జివ్వుమనుట మనలో పెక్కుమందికి అనుభవమే. ఇంత సామాన్యమైన విషయమునకు తగిన కారణము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు ఇంచుమించు మూడు శతాబ్దములు పట్టినది.

పన్ను పైపొర పింగాణివలె గట్టిది. అందు నరము లేదు. దాని క్రింద డెంటిన్ అను పొర, నడుమ రక్తనాళములు, నరములు గల మెత్తని గుజ్జు ఉన్నవి. పైపొరకు తగిలిన చలి లోపలి నరమునకు ఎట్లు తెలియుచున్నది?

17వ శతాబ్దమున హాలెండు దేశీయుడైన లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో చూచి, డెంటిన్‌లో మిక్కిలి సన్నని గొట్టములు కలవని తెలిపెను. 1856లో ఇంగ్లండున జాన్ టోమ్స్ ఆ గొట్టములలోనికి మెత్తని తంతువులు చొచ్చియున్నవని వర్ణించెను. బాధను లోనికి చేరవేయునవి ఆ తంతువులేయని తలచిరి. 1900లో స్విట్జర్లాండు దేశమున ఆల్ఫ్రెడ్ గీసీ వేరొక మాట చెప్పెను: గొట్టములలోని ద్రవము కదలుటయే బాధకు మూలమని. 1960వ దశకమున స్వీడన్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ బ్రెన్‌స్ట్రోమ్ దానిని ప్రయోగములతో బలపరచెను. చలి తగిలినచో ద్రవము వెలుపలివైపునకును, వేడి తగిలినచో లోపలివైపునకును కదలును. వెలుపలికి పోవు కదలిక నరమును ఎక్కువగా రేపును. కనుకనే చలికి పన్ను తక్షణమే జివ్వుమనును. వేడికి బాధ మెల్లగా కలుగును.

ఈ జ్ఞానము వైద్యమునకు ఎంతయో అవసరమైనది. 1957లో అమెరికాలో జాన్ బోర్డెన్ గాలి ఒత్తిడితో నిమిషమునకు లక్షలకొలది చుట్లు తిరుగు మరను ప్రవేశపెట్టెను. పని త్వరగా ముగియును గాని, రాపిడివలన వేడి పుట్టును. 1965లో జాక్, కోహెన్ అను ఇరువురు కోతుల దంతములను పరీక్షించిరి. గుజ్జు ఉష్ణోగ్రత 5.5 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినప్పుడు నూటికి 15 పండ్లలో గుజ్జు కోలుకొనలేదని తేలినది. వైద్యుడు మర నడుపునప్పుడు నోట పడు నీటిజల్లు పంటి ప్రాణమును కాపాడుటకే.

2021లో మరియొక సంగతి వెల్లడియైనది. గుజ్జు అంచునగల కణములలో చలిని గుర్తించు టీఆర్‌పీసీ5 అను ప్రొటీను కలదు. లవంగనూనెలోని యూజినాల్ దానిని అణచును. పంటిపోటుకు లవంగము నొక్కిపెట్టిన మన పెద్దల అనుభవమునకు ఇట్లొక ఆధారము దొరికినది.

చలియే వైద్యునకు పరీక్షాసాధనము కూడ. చల్లబరచిన దూదిని పంటికి తాకించినప్పుడు బాధ కలిగి, తీసినవెంటనే పోయినచో గుజ్జును కాపాడవచ్చునని ఆశ. బాధ చాలసేపు నిలిచినచో లోపలి వాపు ముదిరినదని అనుమానింపవలెను. ఏమియు తెలియనిచో గుజ్జు చచ్చియుండవచ్చును. పలుదినములు బాధించిన పన్ను హఠాత్తుగా ఊరకున్నచో నయమైనదని సంతోషింపరాదు. వెంటనే వైద్యునకు చూపవలెను. జివ్వుమను పన్ను ఇంకను బ్రతికియున్న పన్ను.