లైసెన్సు రేడియో నుండి బటన్ బ్యాటరీ రేడియో వరకు

పాతకాలమున రేడియో కొనిన ఇండ్లలో నేటికిని పెద్దలు భద్రపరచిన చిన్న పుస్తక మొకటి కానవచ్చును. అది రేడియో లైసెన్సు పుస్తకము. ఏటేట పోస్టాఫీసునకు పోయి రుసుము చెల్లించి అందులో ముద్ర వేయించుకొనుట ఆనాటి గృహస్థుని విధులలో ఒకటి. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేక అట్టి పరికరమును దగ్గర నుంచుకొనుటయే నేరము. వినుటకే అనుమతి కావలసి యుండగా, తరంగములను పంపుటకు సామాన్యునకు అనుమతి ఎంత దుర్లభమో వేరుగ చెప్ప నక్కరలేదు.

శ్రోతల లైసెన్సు 1980 దశకములో రద్దయినది. 2005లో భారత ప్రభుత్వము మరియొక యడుగు ముందుకు వేసి, 2400 నుండి 2483.5 మెగాహెర్ట్‌జుల వరకు గల తరంగములలో, నిర్ణీతమైన హద్దునకు లోబడి, తక్కువ శక్తితో పనిచేయు పరికరములకు లైసెన్సు అక్కరలేదని నియమములు చేసినది. తాత వినుటకు లైసెన్సు తీసికొనగా, నేడు నరసన్నపేటలో బడికి పోవు మనుమడు ఆ హద్దులలో నుండు చిన్న ప్రసారిణిని లైసెన్సు లేకయే నడపవచ్చును. ఈ మార్పు ఒక్క చట్టమువలన వచ్చినది కాదు. దీనివెనుక మూడు కథలు కలవు.

మొదటిది విద్యుత్తు పొదుపు కథ. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న, విశాఖపట్నము కేంద్రము 1963లో ప్రసారములు ప్రారంభించినవి. కాని కేంద్రము వెలసినంత మాత్రమున పల్లెకు పాట చేరలేదు. వాల్వుల రేడియోకు వాల్వులోని తీగెను కాల్చుట కొక బ్యాటరీ, దానిని పని చేయించుటకు 90 వోల్టుల పెద్ద బ్యాటరీ మరియొకటి కావలసి యుండెను. కరెంటు లేని గ్రామమున ఆ ఖర్చు అందరికిని అందునది కాదు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. 1954లో జేబురేడియో అంగడికి వచ్చినది. కాల్చవలసిన తీగె లేదు గనుక కొలది టార్చి సెల్లులతోనే రేడియో పలికెను. పొలము గట్టునకు, పడవలోనికి, టీకొట్టునకు రేడియోను చేర్చినది ఈ పొదుపే.

రెండవది చిప్పు కథ. 1971లో ఇంటెల్ కంపెనీ 4004 అను మైక్రోప్రాసెసరును వెలువరించినది. అది లెక్క చేయగలదు. కాని జ్ఞాపకముంచుకొనుటకును, బయటి వస్తువులతో మాటలాడుటకును వేరు చిప్పులు కావలెను. ఆ పరివారమునంతను ఒకే చిప్పులో ఇమిడ్చినది మైక్రోకంట్రోలరు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టి.ఎం.ఎస్. 1000 అను రకము 1974లో విక్రయమునకు వచ్చెను. ఇంటెల్ వారి 8051 రకము 1980లో వచ్చి లోకమంతట వ్యాపించెను. గోరంత చిప్పులో ఆజ్ఞల పట్టిక వ్రాసి ఉంచినచో, అది ఆ పట్టిక ప్రకారము వేడిని చూచును, మీట నొక్కుట గమనించును, దీపము వెలిగించును.

ఇది ఎక్కడనో జరిగిన ముచ్చట యని శ్రోతలు తలపరాదు. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైనది. దానికి ఆద్యులు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఆ సంస్థయు, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు మన ఓటింగు యంత్రములను తయారు చేయుచున్నవి. 1982లో కేరళలోని పరూరులో తొలిసారి ప్రయోగింపబడి, 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతట వాడబడిన ఆ యంత్రములో నున్నది మైక్రోకంట్రోలరే. అది బ్యాటరీతో నడచును గనుక కరెంటులేని చోటను పనిచేయును. భద్రతకై దానిలో తరంగములతో మాటలాడు సాధన మేదియు నుంచలేదు. ఓటు వేసిన ప్రతివారును, తెలిసియో తెలియకయో, ఒక మైక్రోకంట్రోలరునకు ఆజ్ఞ ఇచ్చినవారే.

మూడవది తరంగముల కథ. 1895లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు తీగె లేకయే తరంగములను పంపి దూరమున గంట మ్రోగించి చూపెను. 1994లో స్వీడను దేశపు ఎరిక్సన్ కంపెనీ ఫోనును దగ్గరి పరికరములతో తీగె లేకుండ కలుపుటకు పూనుకొనెను. 1998లో ఐదు కంపెనీలు సంఘముగా నేర్పడి, ఆ పద్ధతికి పదవ శతాబ్దమునందలి డెన్మార్కు రాజు హరాల్డునకు గల బ్లూటూత్ అను మారుపేరు నిలిపినవి. కాని అది ఎడతెగక మాటలాడుటకు చేసిన పద్ధతి. చిన్న బ్యాటరీకి మోయరాని భారము. నోకియా కంపెనీ 2006లో విబ్రీ అను పేర ప్రకటించిన పొదుపు పద్ధతి, 2010లో అల్పశక్తి బ్లూటూత్‌గా ఆ సంఘపు ప్రమాణములలో చేరినది.

దీని కిటుకు నిద్ర. ఊరి తలారి రాత్రి యంతయు అరచుచు తిరుగడు. జాముకొకసారి హెచ్చరించి ఊరకుండును. అట్లే ఈ పరికరము తన కాలములో అధికభాగము నిదురించును. నిర్ణీత సమయమునకు మేల్కొని, మూడు ప్రకటన మార్గములలో కొలది మిల్లీ సెకండులపాటు తన వార్త పలికి మరల నిదురించును. లెక్క చూతము. ఒక బటన్ బ్యాటరీలో సుమారు 220 మిల్లీ ఆంపియరు గంటల విద్యుత్తు ఉండును. ఎడతెగక 10 మిల్లీ ఆంపియర్లు వాడినచో అది 22 గంటలలో అయిపోవును. నిద్రా, మెలకువా కలిపి సగటున 20 మైక్రో ఆంపియర్లే వాడినచో 11,000 గంటలు, అనగా ఏడాది మూడు నెలలు వచ్చును.

మన ప్రాంతమునకు ఈ లెక్క ప్రాణముతో ముడిపడిన లెక్క. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి, విద్యుత్ స్తంభములు విరిగినవి, సెల్‌ఫోనులు మూగవోయినవి, వంశధార పొంగినది. కరెంటుపై ఆధారపడినవన్నియు ఒక్క రాత్రిలో నిలిచిపోగా, బ్యాటరీతో నడచునదే మిగిలినది. నూతిలో నీటిమట్టము, గాదెలో ధాన్యపు తేమ, కాలువ గట్టుపై వరద గుర్తు, వీనిని ఏడాదిపాటు ఒంటరిగా కనిపెట్టి యుండగల పరికరము ఇట్టి సమయమున ఎంత విలువ గలదో ఆలోచింపవలెను.

దాని హద్దులను గూడ చెప్పవలెను. ఈ బ్లూటూత్ పలుకు సాధారణముగా పదుల మీటర్ల మేరకే వినబడును. తడిచిన ఆకులును, మానవశరీరమును దానిని మ్రింగివేయును. మడపాము వద్ద వంశధారను దాటి అది ఆవలి ఒడ్డునకు చేరునని ఆశింపరాదు. దూరపు వార్తకు 865 మెగాహెర్ట్‌జుల ప్రాంతమున పనిచేయు లోరా వంటి పద్ధతి కావలెను. తుపాను వేళ హెచ్చరికకు ప్రభుత్వ వాతావరణ శాఖయే ప్రమాణము. ఇంటిలో చేసిన పరికరము దానికి తోడు మాత్రమే.

ఈ విద్య నేడు పిల్లలకు అందుబాటులో నున్నది. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డునో బోర్డు దానికి ద్వారము తెరచినది. 2016లో బి.బి.సి. వారు అల్పశక్తి బ్లూటూత్ గల మైక్రోబిట్ అను చిన్న బోర్డును బ్రిటనులో సుమారు పదిలక్షలమంది బాలబాలికలకు ఉచితముగా పంచిరి. ఒక ప్రసార సంస్థ ఇంతటి పని చేసినందుకు, అదే వృత్తిలోనున్న మాకు సంతోషము కలిగినది. మన దేశమున అదే 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద పదివేల పాఠశాలలకు టింకరింగ్ ల్యాబులు వచ్చినవి. సి-డాక్ సంస్థ మన దేశముననే రూపొందించిన వేగా ప్రాసెసరుతో అరీస్ అను బోర్డును తెచ్చినది.

అయితే బోర్డు బీరువాలో నున్నంత మాత్రమున విద్య రాదు. పొందూరు ఖద్దరు చూడుడు. అచటి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుదురు. ఆ పనిముట్టును వారికి ఏ కంపెనీయు అమ్మలేదు. తమ పత్తిని ఎరిగి, తమ చేతికి తగినదానిని తామే కనుగొనిరి. మన పిల్లలు కొన్న పెట్టెను తిప్పుటతో తృప్తిపడుదురా, లేక లోపలి ఆజ్ఞల పట్టికను తామే వ్రాసి మన నేలకు తగినట్లు మలచుకొందురా యన్నదే నేటి ప్రశ్న.

దీనికి పెద్దల సాయము కూడ కావలెను. చిప్పునకు ఆజ్ఞ వ్రాయుట పిల్లవానికి తెలియవచ్చును; వరదనీరు ముందుగా ఏ కాలువ మలుపున ఎక్కునో, ఏ నూయి వైశాఖములో ముందు ఎండునో వానికి తెలియదు. అది మీకు తెలియును. సాయంకాలము వార్తలు ముగిసిన పిమ్మట మీ ఇంటి పిల్లలతో ఆ గట్టుదాక నడచి, గుర్తు ఎక్కడ కట్టవలెనో చూపుడు.