టామల్‌పయిస్ కొండదారులు: సైకిలు కొండకెక్కిన కథ

ఒక దారిని ఎవరికోసం వేసినారో, చివరకు దానిని ఎవరు వాడుకొందురో ముందుగా చెప్పటం కష్టం. సేనలకోసం వేసిన బాటలపై వర్తకుల బండ్లు నడిచినవి. రైలుకోసం తొలిచిన దారిలో సైకిళ్లు పోవుచున్నవి. అమెరికా పశ్చిమ తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలోని టామల్‌పయిస్ కొండ ఇందుకు చక్కని నిదర్శనం. ఇది సాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరంగా, గోల్డెన్ గేట్ జలసంధికి ఆవల, మారిన్ కౌంటీలో ఉన్నది. దీని ఎత్తు సుమారు 784 మీటర్లు మాత్రమే. అయినప్పటికీ నేడు ప్రపంచమంతటా వాడుకలోనున్న ‘మౌంటెన్ బైక్’, అనగా కొండసైకిలు, చాలవరకు ఈ కొండ పరిసరాలలోనే రూపుదిద్దుకొన్నది.

రైలు విడిచిపోయిన బాట

1896లో మిల్ వ్యాలీ అనే ఊరినుండి ఈ కొండ శిఖరం దాపునకు ఒక రైలుమార్గం వేశారు. ఇనుప పట్టాలపై ఇనుప చక్రాలకు పట్టు తక్కువ. కనుక రైలు నిటారుగా కొండ ఎక్కజాలదు. చుట్టు తిరిగి పోవలసినదే. సుమారు 13 కిలోమీటర్ల ఆ మార్గంలో 281 వంపులు ఉండేవి. ప్రపంచంలోకెల్ల వంకరటింకర రైలుమార్గం అని దానిని నిర్వాహకులే గొప్పగా ప్రచారం చేసుకొన్నారు. ఇంత చుట్టు తిరిగినందువల్ల వాలు ఎక్కడను నూటికి 7 పాళ్లు మించలేదు. 1907నుండి ఇంజను లేని పెట్టెలు కేవలం భూమ్యాకర్షణ బలంతో, బ్రేకు పట్టుకొన్న మనిషి అదుపులో, మ్యూర్ వనంలోని మహావృక్షాల వరకు జారి దిగేవి. కొండదిగుట ఒక వినోదం కాగలదని ఆ ప్రాంతం వారు అప్పుడే గ్రహించారు.

మోటారుకార్లు వచ్చిన తరువాత రైలుకు రాబడి తగ్గినది. 1929లో కొండపై కార్చిచ్చు రేగినది. 1930లో పట్టాలు పీకివేశారు. కాని మట్టికట్ట నిలిచిపోయినది. ‘ఓల్డ్ రైల్‌రోడ్ గ్రేడ్’ అని దానిని నేటికీ పిలుస్తారు. ఆవిరియంత్రం శక్తిని లెక్కించి వేసిన ఆ వాలు మనిషి కాళ్లకు సరిగా సరిపోయినది. సామాన్యుడైన సైకిలువాడు కూడ మధ్యమధ్య ఆగుతూ ఆ బాటను ఎక్కగలడు.

ఇవిగాక, మంటలార్పు బండ్లు పోవటానికి అడవిలో వెడల్పయిన మట్టిరోడ్లు కూడ ఏర్పడినవి. 1912లో ఏర్పడిన మంచినీటి సంస్థ ఈ కొండపై పడిన వాననీటిని జలాశయాలలో నిలువచేసి ఊళ్లకు అందించుచున్నది. ఈ సంగతి తరువాతి కథకు ముఖ్యం.

రీపాక్ వాలు

1970 తరువాత కొందరు యువకులు పాతసామాను కొట్లలో దొరికిన సైకిళ్లతో ఈ మట్టిరోడ్లపై దిగనారంభించారు. అవి ఎక్కువగా ష్విన్ కంపెనీవారి పాత బండ్లు. 1933లో ఆ కంపెనీ ప్రవేశపెట్టిన ‘బెలూన్’ టైర్లు లావైనవి. రాళ్ల కుదుపును ఓర్చుకొనగలవి. బండి మాత్రం మిక్కిలి బరువు, గేరు ఒక్కటే. పెడలును వెనక్కు తొక్కితే వెనుక హబ్బులో బ్రేకు పడును.

ఫేర్‌ఫాక్స్ గ్రామం దాపున ఒక రోడ్డు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో 400 మీటర్లు దిగును. 1976 అక్టోబరు 21న అక్కడ మొదటి పోటీ జరిగినది. ఆలన్ బాండ్స్ గెలిచాడు. పడకుండా దిగినవాడు అతడొక్కడే. తరువాత గారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకండ్లలో దిగి రికార్డు స్థాపించాడు. అనగా సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లకు మించినది.

ఆ రోడ్డుకు ‘రీపాక్’ అనే పేరు ఎట్లు వచ్చినది? మనిషి, బండి కలిసి 100 కిలోగ్రాములనుకొందము. 400 మీటర్లు దిగేసరికి వాటి స్థితిజశక్తిలో సుమారు 3 లక్షల 90 వేల జౌళ్లు విడుదలగును. చల్లని నీటిని ఒక లీటరు మరిగించటానికి ఇది చాలును. ఇందులో కొంత గాలి నిరోధానికి, కొంత టైర్ల ఘర్షణకు పోగా, మిగిలినదంతా పిడికెడు హబ్బులో వేడిగా మారవలసినదే. లోపలి గ్రీజు కరిగి, మాడి, పొగలై పోయేది. ఒకసారి దిగినంతనే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది. ‘రీపాక్’ అనగా తిరిగి కూరుట.

కొత్త యంత్రం

పాత చట్రాలు విరుగుచుండుటతో జో బ్రీజ్ అనే పోటీదారు 1977లో క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు గొట్టాలతో కొత్త సైకిలును నిర్మించాడు. అటువంటివి మొత్తం పది తయారైనవి. వాటిలో బ్రేకు హబ్బులో గాక చక్రపు అంచుపై పట్టును. అంచు వైశాల్యం పెద్దది. దానికి గాలి తగులుచుండును. కనుక వేడి త్వరగా చెదరిపోవును. ఆ తొలి బండి నేడు స్మిత్‌సోనియన్ వారి ప్రదర్శనశాల సేకరణలో ఉన్నది. 1979లో గారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ నిర్మించిన చట్రాలతో వ్యాపారం ప్రారంభించారు. 1981లో ‘స్టంప్‌జంపర్’ అనే బండి కర్మాగారాలలో పెద్దయెత్తున తయారై అంగళ్లకు వచ్చినది. 1990లో కొలరాడోలోని డురాంగోలో అధికారికమైన ప్రపంచ పోటీలు జరిగినవి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ పందెం చేరినది.

దారి ఎవరిది?

విజయంతోపాటు వివాదం కూడ వచ్చినది. సన్నని కాలిబాటలలో నడిచేవారికి, గుర్రాలపై పోయేవారికి, మలుపు తిరిగి హఠాత్తుగా వచ్చే సైకిలు భయం కలిగించినది. బాట కోసుకొనిపోతే ఆ మట్టి జలాశయాలలో చేరును గదా! అందుచే అధికారులు సన్నని బాటలలో చాలవాటినుండి సైకిళ్లను నిషేధించి, వెడల్పు రోడ్లపై గంటకు 24 కిలోమీటర్ల వేగపరిమితి విధించారు. కొండసైకిలు పుట్టినచోటనే దానికి కట్టడి ఏర్పడినది. 1988లో కాలిఫోర్నియా సైకిలు సంఘాలు కొన్ని కలసి, బాటల రక్షణకు, ప్రవేశపు హక్కుకు ఒక అంతర్జాతీయ సంఘాన్ని నెలకొల్పినవి.

భూక్షయం విషయంలో శాస్త్రపరిశీలన కూడ జరిగినది. తడినేలపై గుర్రపు డెక్కలు, మానవపాదాలు చక్రాలకన్న ఎక్కువ మట్టిని వదులు చేసినవని 1994లో మాంటానా రాష్ట్రంలో జరిపిన ప్రయోగం తెలిపినది. అంతమాత్రాన సైకిలు నిర్దోషి కాదు. బ్రేకు బిగించి జారితే చక్రం చాలు తీయును. వాన ఆ చాలును కాలువగా మార్చును. అసలు మర్మం బాట వాలులో ఉన్నది. నిటారుగా దిగే బాట నీటికి కాలువ. కొండ నడుమును చుట్టి, పల్లపువైపుకు కొద్దిగా ఒరిగిన బాటపై నీరు నిలువక అడ్డంగా జారిపోవును. ఫేర్‌ఫాక్స్ వద్ద స్కౌట్ల భూమిలోని టామరాంచో బాటలను సైకిలువారే శ్రమదానంతో నిర్మించి, బాగుచేసుకొనుచున్నారు; అనుమతి రుసుము చెల్లించి వాడుచున్నారు.

2015లో ఫేర్‌ఫాక్స్‌లో సైకిలు ప్రదర్శనశాల తెరువబడినది. అక్కడి పాత బండ్లను చూచినవారు ఆ పరిసరాల కొండలపై మూడు తరాల బాటలను కూడ చూడవచ్చును. రైలు బాట వాలును లెక్కించి ఎక్కుట నేర్పినది. రీపాక్ వేగానికి విలువ వేడిరూపంలో చెల్లించవలెనని నేర్పినది. టామరాంచో, తొక్కేవాడే బాటను కాపాడుకొనవలెనని నేర్పుచున్నది.