నేరమంతా దొంగతనమేనా?

వీర్నపల్లి దగ్గరి తండా నుంచి వచ్చే ఒక విద్యార్థి ఈమధ్య నాకొక కథ చూపించాడు. వాళ్ల నాయనమ్మ పడుచు వయసులో అడవిలో తునికాకు తెంపి, సర్కారు కల్లానికి పోయకుండా చాటుగా వేరే బేరగానికి అమ్మిందట. కథ పేరు 'ఆకుదొంగ'. ఆమెను దొంగను చేసింది చట్టమా, మన భాషా?

1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం పరుల స్వాధీనంలోని వస్తువును సమ్మతి లేకుండా, దురుద్దేశంతో కదిలిస్తేనే దొంగతనం. 2024 జులై 1న దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా దురుద్దేశాన్నే అడుగుతుంది. ఇది దేశమంతటికీ వర్తించే చట్టం. రాష్ట్రాలు చేసే నియంత్రణ చట్టాల దారి వేరు. లైసెన్సు ఉందా, పర్మిటు ఉందా అన్నదే అక్కడ ముఖ్యం. మనసులో ఏముందన్నది చాలాసార్లు వెనకబడుతుంది. రాజ్యాంగం కూడా ఈ తేడాను పాటించింది. శిక్షాచట్టం ఉమ్మడి జాబితాలో మొదటి అంశం. రాష్ట్ర జాబితా విషయాలపై చేసిన చట్టాలను ఉల్లంఘించే నేరాలను అందులోంచి మినహాయించి, రాష్ట్ర జాబితా 64వ అంశంలో చేర్చింది.

అప్పటికి అడవులు రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. 1971లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి తునికాకు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. తాను నియమించినవారికి కాక మరొకరికి అమ్మడం నేరమైంది. 1976 నాటి 42వ సవరణ అడవులను ఉమ్మడి జాబితాకు మార్చింది. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో పేరుపెట్టి చేర్చి, అర్హులైన అటవీవాసులకు దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది. ముప్పై అయిదేళ్లలో నేరం హక్కయింది. దొంగతనం ఏనాడూ అలా హక్కు కాలేదు.

ఒకే పని రెండు చట్టాలకూ తగలవచ్చు. ఇసుక తవ్వకం కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆ మాటే అన్నది. అయినా దొంగతనం కేసులో దురుద్దేశాన్ని వేరుగా రుజువు చేయవలసిందే. కోర్టు రుజువు అడిగే చోట మన కథ ఒక్క మాటతో తీర్పు చెప్పేస్తున్నది. పాలకులు గీసిన గీత దాటడాన్నీ, పొరుగువాడి సొత్తు ఎత్తుకుపోవడాన్నీ ఒకే పేరుతో పిలిచే రచయిత ఎవరి పక్షాన నిలిచినట్టు?

"మరేం పేరు పెట్టాలె సార్?" అన్నాడు అబ్బాయి.

ఆమె చేసిన పని పేరే పెట్టమన్నాను. వారం తిరక్కముందే కథ మళ్లీ తెచ్చాడు. పైన 'యాభై ఆకుల కట్ట' అని ఉంది.